మూఢంలో దొరికిన ఇంజిన్

నాచారం నుంచి మల్లాపూర్ వైపు వెళ్లే దారిలో ఉన్న ఒక ధర్మకాంటాలో పనిచేస్తాను. బండ్లు తూచే కాంటా అది. లారీ ఒకసారి ఖాళీగా ఎక్కుతుంది, ఒకసారి సరుకుతో ఎక్కుతుంది. నేను అద్దాల గదిలో కూర్చుని అంకె చూసి చీటీ ఇస్తాను. చాలా ఏళ్లుగా ఇదే పని కాబట్టి, బండి కాంటా ఎక్కకముందే దాని వెనక కమాన్ పట్టీలు ఎంత వంగాయో చూసి బరువు అంచనా కట్టగలను. తప్పితే యాభై కిలోలు అటూ ఇటూ.

నా చదువు పదో తరగతితో ఆగింది. ఇంజిన్ల గురించి తెలిసిందంతా కాంటా పక్కన టీ తాగే డ్రైవర్లను అడిగి, మెకానిక్ షెడ్లలో నిలబడి చూసి, బండ్ల కంపెనీలు పంచే రంగు కాగితాల్లో అంకెలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని నేర్చుకున్నది. ఏ బండి ఎంత లాగుతుంది, ఏ గేరులో లాగుతుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అని మనసులో లెక్క వేసుకోవడం అలవాటైపోయింది. డ్రైవర్లు నన్ను "లెక్కల సారు" అంటారు. అందులో మర్యాద కంటే ఎగతాళే ఎక్కువ.

మా అక్కా బావా ఉప్పల్‌లో ఉంటారు. బావది జనగామ వైపు ఊరు. పెళ్లయిన కొత్తలో ఇక్కడికి వచ్చి, ఫ్యాక్టరీలో కొన్నాళ్లు చేసి, ఆ తర్వాత పికప్ బండి కొనుక్కున్నాడు. ఇనుము, ప్లైవుడ్, నీళ్ల డ్రమ్ములు, ఏది దొరికితే అది వేసేవాడు. అయితే ఇల్లు నడిచింది మాత్రం ఒక్క పని మీద. ఒకే యజమానికి రెండు ఫంక్షన్ హాళ్లున్నాయి. ఒకటి ఉప్పల్ దాటాక మేడిపల్లి దారిలో, ఇంకొకటి నాగోల్ అవతల. రెండింటికీ కలిపి ట్రాలీ మీద బిగించిన జనరేటర్ ఒకటే. పొద్దున ఇక్కడ పెళ్లయితే, సాయంత్రం అక్కడ రిసెప్షన్. ఈ మధ్యలో ఆ జనరేటర్ని బండి వెనక తగిలించుకుని అటూ ఇటూ లాగే పని మా బావది.

ఆ పనిలో ఆయనకు పేరుంది. నాగోల్ హాలు వెనక సందు మరీ ఇరుకు. రెండు పక్కలా గోడలు. వెనక ట్రాలీ ఉన్నప్పుడు బండిని వెనక్కి నడపడం కష్టం, స్టీరింగ్ ఒక వైపు తిప్పితే ట్రాలీ ఇంకో వైపు పోతుంది. బావ అద్దంలోకి చూస్తూ, పక్కవాడితో మాట్లాడుతూనే, ఒక్క ఊపున తీసుకెళ్లి నిలబెట్టేవాడు. నేను చాలాసార్లు చూశాను. అందులో లెక్క ఏముందో నాకు ఇప్పటికీ అందలేదు.

ఈసారి మూఢం మొదలైన రోజుల్లో హాలు మేనేజర్ ఆయన్ని పిలిపించాడు. రెండు హాళ్లకూ పూర్తిగా ఏసీలు పెట్టించారట. పాత జనరేటర్ చాలదు, పెద్దది తెప్పిస్తున్నాం అన్నాడు.

"మూఢం పోంగనే పెండ్లిల్లు వరుసగ ఉన్నయన్నా. నీ బండి గుంజుతదా, వేరేటోల్లను సూసుకోమంటవా? జర ముందుగాల్నే జెప్పు."

"నేను గాక ఎవలు గుంజుతరు?" అని వచ్చేశాడు బావ.

కొత్త జనరేటర్‌ని ఒక లారీ వెనక తగిలించుకుని తెచ్చారు. దారిలో మా కాంటా దగ్గర ఆపమని బావ ఆ డ్రైవర్ని బతిమాలుకున్నాడు. ట్రాలీని లారీ నుంచి విడదీసి, ఒక్కదాన్నే కాంటా మీద నిలబెట్టాం. మూడు వేల నూట ఇరవై కిలోలు. పాతది రెండు టన్నులకు లోపే. అంకె చూసి బావ నవ్వాడు.

"నీ కాంటా సరిగ్గ జూపిస్తుందా బామ్మర్దీ?"

"సరిగ్గనే జూపిస్తుంది."

"జరంత తగ్గించి జూపియ్యరాదా, బండి భయపడుతది."

నవ్వాడు గానీ ఆయన పాత బండి పరిస్థితి ఇద్దరికీ తెలుసు. పిస్టన్లు అరిగిపోయి, డీజిల్‌తో సమానంగా ఇంజిన్ ఆయిల్ తాగుతోంది. పాత జనరేటర్‌కే మూసీ వంతెన దాటాక ఎత్తు మీద మూలిగేది. ఇంకో బండి చూడక తప్పదు.

"నువ్వు లెక్క జెప్పు. నేను స్టీరింగ్ తిప్పుత. గంతే" అన్నాడు.

మేడిపల్లి దగ్గర హైవే పక్కన పాత బండ్లు అమ్మే యార్డు ఒకటుంది. దాని యజమాని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. ఆదివారం ఇద్దరం వెళ్లాం. మా పనికి పనికొచ్చేవి రెండే కనిపించాయి. ఒకటి బాగా పాత పికప్. మూడు లీటర్ల ఇంజిన్, టర్బో లేదు. తలుపులు తుప్పు పట్టాయి, సీటు చిరిగి లోపలి పీచు బయటకొచ్చింది. రెండోది దానికంటే ఏడెనిమిదేళ్లు చిన్నది. రెండున్నర లీటర్ల ఇంజిన్, టర్బో ఉంది. రంగు వేసి ఉంది, ఏసీ కూడా పనిచేస్తోంది.

"ఈ చిన్నదే తీసుకోండి అన్నయ్యా. హార్స్ పవర్ దీనికే ఎక్కువ. కాగితం కూడా ఉంది, చూసుకోండి" అన్నాడు యార్డాయన.

కాగితం చూశాను. ఆయన చెప్పింది నిజమే. హార్స్ పవర్ దానికే ఎక్కువ. చక్రాన్ని తిప్పే బలం, టార్క్ అంటారు, అదీ కాగితం మీద పాతదానికంటే ఒక పిసరు ఎక్కువే. కానీ ఆ అంకె పక్కన ఇంకో చిన్న అంకె ఉంటుంది. ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుంటే ఆ బలం వస్తుందో చెప్పే అంకె. అది ఎవరూ చదవరు. చిన్న ఇంజిన్‌కి ఆ బలం రావాలంటే ముందు రెండు వేల చుట్ల దాకా తిరగాలి, అప్పుడే గాలిని లోపలికి బలంగా నెట్టే టర్బో అందుకుంటుంది. దానికి కింద అది మామూలు బక్క ఇంజిన్. పాతదానికి టర్బో లేదు కాబట్టి ఎదురుచూడాల్సింది ఏమీ లేదు. స్టార్ట్ చేసి వదిలేస్తే తిరిగే చుట్లకు కాస్త పైనుంచే దాని బలమంతా ఉంటుంది. పైగా దాని మొదటి గేరు మరీ నిదానం. మనిషి నడకకంటే మెల్లగా పోతుంది గానీ కొండనైనా కదిలిస్తుంది.

బావకు అంకెలు చెబితే ఎక్కవు. బండి బానెట్ మీద కూర్చోబెట్టి ఇలా చెప్పాను.

"ఇద్దరు హమాలీలున్నరనుకో బావా. ఒకడు బస్తా కింద కూసోని లేశేటప్పుడే బలమంత వెడ్తడు. ఇంకోడు లేశినంక మస్తు ఉరుకుతడు. మనకు లేశేటోడు గావాలె."

"రెండోడు గూడ మంచోడే గదా."

"మంచోడే. ఎవరన్న బస్తా ఎత్తిస్తే."

యార్డులో సిమెంటు ఇటుకలు నింపిన పాత ట్రాలీ ఒకటి ఉంది. మూడు టన్నులకు దగ్గరగా ఉంటుందని నా అంచనా. యార్డు నుంచి హైవే మీదికి ఎక్కే మట్టి దారి మంచి ఎత్తు. పాత బండికి ట్రాలీ తగిలించి, దారి మధ్యలో ఆపి, మళ్లీ కదిలించమన్నాను. బావ క్లచ్ మెల్లగా వదిలాడు. బండి నల్లటి పొగ ఒక్కసారి కక్కి, కూర్చున్న గేదె లేచినట్టు లేచి, ఎక్కేసింది. ఆయన యాక్సిలరేటర్ సరిగ్గా తొక్కను కూడా తొక్కలేదు.

రెండో బండితో అదే చేశాం. మొదటిసారి ఇంజిన్ ఆగిపోయింది. రెండోసారి బాగా రేజ్ చేసి, క్లచ్‌ని సగంలో నొక్కి పట్టి లాగాడు. ఎక్కింది. కానీ ఎక్కాక కాలిన వాసన వచ్చింది. క్లచ్ ప్లేటు వాసన. బావ దిగి, ఆ పాత బండి దగ్గరికి వెళ్లి తుప్పు పట్టిన తలుపు మీద చెయ్యి వేశాడు.

"ఇదే" అన్నాడు.

ఇంట్లో అక్కకు చెప్పినప్పుడు నాకు మూఢం సంగతి గుర్తుకే రాలేదు. కాంటాకు మూఢం ఉండదు.

"బండి మంచిదే గావచ్చురా. ఎప్పుడు దెస్తరు?" అని అడిగింది అక్క.

"రేపే అక్కా."

"రేపు మూఢం."

"ఎల్లుండి గూడ మూఢమే" అన్నాడు బావ, నా వైపు చూసి. పక్కింటి నుంచి తెచ్చిన పంచాంగం ఆమె చేతిలోనే ఉంది. మూఢం పోవడానికి ఇంకా నెల పైనే ఉంది. శుక్రుడు కనబడని ఆ రోజుల్లో పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త బండి ఇంటికి తేరు. అందరూ ఆగుతారు. ఒక్కసారి తప్ప మేమూ ఎప్పుడూ ఆగేవాళ్లమే.

"అక్కా, గసుంటి ఇంజిన్ల బండ్లు ఇప్పుడు తయారైతలేవు. గది వోతే మల్ల దొరకది."

"దొరకకుంటే దొరకది. పోయినసారి బండి గిట్లనే తొందరవడి మూఢంల దెచ్చిన్రు. నెల తిరగక ముందే ఈయన కాలు ఇరిగె. గప్పుడు దవాఖానల కూసున్నది నేను. నీ లెక్కలు గాదు."

బావ కాలు విరిగింది మెట్ల మీద జారి. బండికీ దానికీ సంబంధం లేదు. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. కానీ ఆయన మంచం మీద ఉన్నన్నాళ్లు అక్క ఉప్పల్ డిపో వైపు ఇడ్లీ బండి పెట్టి ఇల్లు నెట్టింది. తెల్లవారకముందే ఆమె పిండి గిన్నెలు మోసుకుపోవడం నేను చూశాను. ఆ నడుం నొప్పి ఆమెకు ఇప్పటికీ ఉంది. బండి ఎంత లాగుతుందో నేను చెప్పగలను. ఆమె ఎంత లాగిందో, ఇంకోసారి లాగగలదో లేదో నేనెట్లా చెప్పను?

మధ్యే మార్గం కోసం వెతికాం. బండి యార్డులోనే ఉంటుంది, పేరు మారదు, తాళం మన చేతికి రాదు, కేవలం అడ్వాన్సు ఇద్దాం అన్నాను. అక్క అదీ ఒప్పుకోలేదు.

"పైసలు చేతులు మారితే కొన్నట్టే. కావాలంటే నోటి మాట జెప్పి పెట్టున్రి."

మాట చెప్పడానికే ఇద్దరం మళ్లీ యార్డుకు వెళ్లాం. ఇలాంటి పని వేరే ఊళ్లో ఎవరైనా చేస్తారో లేదో నాకు తెలియదు. ఇక్కడ అందరం చేస్తాం. యార్డాయన మమ్మల్ని కూర్చోబెట్టి చల్లని నీళ్లిచ్చాడు.

"అడ్వాన్స్ ఏదో కొంచెం ఇవ్వండన్నయ్యా. బండి మీద కవర్ కప్పేస్తాను, ఎవరికీ చూపించను."

"అడ్వాన్సిచ్చినా కొన్నట్టే అంటుంది మా ఇంటామె" అన్నాడు బావ.

"అయితే నేను ఎన్నాళ్లు ఆగాలో కూడా ఆవిడనే చెప్పమనండి."

"మూఢం వొయ్యేదాక."

ఆయన కాసేపు బయటికి, బండ్ల వరుస వైపు చూశాడు. "సరే, చూద్దాంలెండి" అన్నాడు. బావ దాన్ని మాట ఇవ్వడంగా తీసుకున్నాడు. నేను తీసుకోలేదు, కానీ ఆ సంగతి ఆయనకు చెప్పి చేసేదేముంది?

ఆ తర్వాత డ్యూటీ అయ్యాక వీలైనప్పుడల్లా మేడిపల్లి దాకా వెళ్లి ఆ బండిని చూసొచ్చేవాణ్ని. వెళ్లి చేసేదేమీ లేదు. బానెట్ మీద దుమ్ము తుడిచి, టైర్ల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాణ్ని. యార్డాయన కూడా అలవాటు పడి, "వచ్చారా, మీ అల్లుడు క్షేమంగానే ఉన్నాడు" అనేవాడు. ఒకరోజు ఎవరో ఇద్దరు దాని కింద దూరి చూస్తున్నారు. గేటు దగ్గరే ఆగిపోయాను. వాళ్లకు తుప్పు నచ్చక వెళ్లిపోయారు. తలుపులకు రంగు వేయిద్దామనుకున్న నేను, ఆ రోజు ఆ తుప్పుకు దండం పెట్టుకున్నాను.

మూఢం ఇంకో వారంలో పోతుందనగా వెళ్తే బండి లేదు. అది నిలబడ్డ చోట పొడి నేల, మధ్యలో ఆయిల్ మరక. చుట్టూ వాన తడి.

"భువనగిరి వైపు కోళ్ల దాణా వ్యాపారం చేసే ఆయన తీసుకెళ్లాడండి" అన్నాడు యార్డాయన. మొహం చాటేయలేదు, ఎదురుగా నిలబడే చెప్పాడు.

"ఆయనకు మూఢం లేదా?"

"అడగలేదండి. తాళం అడిగాడు, ఇచ్చాను. మీకు మూఢం ఉందండీ, నాకు ఈ జాగా అద్దె ఉంది."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆయన లెక్క తప్పు కాదు.

బావకు ఫోన్లో చెప్పలేక ఇంటికి వెళ్లి చెప్పాను. అక్క వంటింట్లోంచి విన్నదని నాకు తెలుసు, గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఆ వారమంతా నేను డ్యూటీ అయ్యాక తిరిగాను. మల్లాపూర్ షెడ్లలో అడిగాను, ఎల్బీనగర్ దాకా వెళ్లాను, కాంటా ఎక్కిన ప్రతి డ్రైవర్నీ ఆపి అడిగాను. అలాంటి ఇంజిన్ ఉన్నవాళ్లు నలుగురైదుగురు దొరికారు. అందరూ అమ్మం అన్నారు. "గిది వోయినంక మేమెట్ల బతకాలె సారూ?" అన్నాడొకడు. నా అంచనా సరైనదేనని అంతమంది నోట విన్నాను. దానితో ఒక పూటా గడవదు.

రెండో బండి మాత్రం యార్డులో అలాగే ఉంది. మేనేజర్ నుంచి ఫోన్ల మీద ఫోన్లు. మూఢం పోయిన తర్వాత వచ్చిన మొదటి ముహూర్తం నాడే పొద్దున మేడిపల్లి హాల్లో పెళ్లి, సాయంత్రం నాగోల్ హాల్లో రిసెప్షన్. మధ్యాహ్నం జనరేటర్ మారాలి. ట్రాక్టర్ని మాట్లాడుకుని ఆ ఒక్క రోజూ గడుపుదామంటే బావ వినలేదు. ట్రాక్టరోడు ఒకసారి సందు చూశాడంటే ఇక ఆ పని వాడిదే అవుతుందని ఆయన భయం. ఆ భయంలో నిజం ఉంది.

"గా చిన్న ఇంజిన్ గుంజుతదా, గుంజదా? ఒక్క ముక్క జెప్పు."

"ఆగకుంట పోతే గుంజుతది. చడావు ఎక్కేటప్పుడు ఆగితే గుంజది."

"అయితే ఆగ."

"ఆగుడు నీ చేతిల ఉంటదా బావా?"

"నా కాలు కింద ఉంటది" అన్నాడు. ఆయన క్లచ్ కాలు మీద ఆయనకున్న నమ్మకం అది. ఇంజిన్‌ని లెక్కగట్టవచ్చు, రోడ్డు వాలును లెక్కగట్టవచ్చు. ముందు పోయే బండి ఎప్పుడు బ్రేకు వేస్తుందో ఎట్లా లెక్కగట్టేది?

మొదటి ముహూర్తం నాటి పొద్దున్నే ఆ టర్బో బండిని కొని ఇంటికి తెచ్చాం. అక్క దానికి పసుపు కుంకుమలు పెట్టి, గుమ్మడికాయ కొట్టించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించింది. ఆమె మొహంలో చాలా రోజుల తర్వాత నిమ్మళం కనిపించింది. మధ్యాహ్నం జనరేటర్ తగిలించుకున్నాం. నేను పక్క సీట్లో కూర్చున్నాను. నా పని ముందు చూస్తూ, ఆగాల్సి వచ్చేలా ఉంటే ముందుగానే చెప్పడం.

ఉప్పల్ చౌరస్తా నుంచే అర్థమైంది. మూఢం పోయాక మొదటి ముహూర్తం. ఊరంతటికీ అదే రోజు పెళ్లి. పూలు చుట్టిన కార్లు, టెంటు సామాను ఆటోలు, వంట గిన్నెల డీసీఎం వ్యాన్లు, చుట్టాలను దించి ఖాళీగా వచ్చే బస్సులు. మేం ఏ మంచిరోజు కోసం ఆగామో, ఈ రోడ్డు మీదున్న ప్రతి మనిషీ దానికోసమే ఆగాడు. అందరం ఒక్కసారే కదిలాం. ఈ సంగతి ఎవరికీ తెలియనిది కాదు. తెలిసి ఏం చేస్తాం?

మెట్రో స్తంభాల పక్కనుంచి నాగోల్ వైపు మెల్లగా దిగాం. మూసీ వంతెన మీద ఒక పక్కకు ఆపించాను. అవతల ఎత్తు ఖాళీ అయ్యేదాకా ఆగుదాం అన్నాను. వెనక హారన్లు. బావ అద్దం దించి చెయ్యి బయట పెట్టి, పొమ్మని దారి చూపిస్తూ కూర్చున్నాడు. ఎదుట కొంచెం ఖాళీ కనబడింది.

"పోదామా?"

"పో. రెండో గేరు ఎయ్యకు. మొదటి దాంట్లనే రేజ్ తగ్గకుంట పో."

చక్కగా నడిపాడు. ఇంజిన్ చుట్లు ఎక్కడా పడిపోనివ్వలేదు. టర్బో ఈల సన్నగా వినిపిస్తూనే ఉంది. ఎత్తులో సగం దాటాం. ఇంకొక్క బస్సు పొడవు పోతే వాలు తగ్గుతుంది. అప్పుడు పక్క సందులోంచి పెళ్లికొడుకు కారు, దాని ముందు బ్యాండు, రోడ్డు మీదికి వచ్చాయి. ముందున్న ఆటో ఆగింది. మేమూ ఆగాం.

బావ నా వైపు చూడలేదు. హ్యాండ్ బ్రేకు లాగి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని బ్యాండు వైపు చూస్తూ ఉన్నాడు. బ్యాండు వాళ్లు తీరిగ్గా ఒక పాట పూర్తి చేశారు. కారు పోయింది. ఆటో పోయింది. బావ బాగా రేజ్ చేసి క్లచ్ వదిలాడు. బండి ముందుకు వణికింది, కదల్లేదు. ఇంకోసారి. మూరెడు కదిలి ఆగింది. మూడోసారికి కాలిన వాసన లోపలంతా నిండింది. ఇంజిన్ మోగుతూనే ఉంది, చక్రాలకు దాని బలం అందడం లేదు. క్లచ్ ప్లేటు పోయింది.

నేను దిగి ట్రాలీ చక్రాల కింద రాళ్లు పెట్టాను. అంతకంటే చేయగలిగింది లేదు. వెనక ఒక వ్యాను డ్రైవర్ తల బయట పెట్టాడు.

"ఏందన్నా, బండిని గుంజనీకి ఇంకో బండి దెచ్చుకోవాల్నా?"

"తెస్తం, నువ్వు జర ఎనుకకు వో" అన్నాను. ఎంత బరువు, ఎంత ఎత్తు, ఎంత బలం తక్కువ పడింది, అంకెలన్నీ బుర్రలో తిరుగుతూనే ఉన్నాయి. ఒక్కదానితోనూ ఆ బండి అంగుళం ముందుకు పోదు. ఇసుక దింపి తిరిగి వస్తున్న ట్రాక్టర్ ఒకటి ఆగింది. దాని డ్రైవర్ ఏమీ అడక్కుండా గొలుసు విప్పాడు. మొదట పికప్‌ని పక్కకు లాగి పెట్టి, తర్వాత జనరేటర్ని తగిలించుకుని ఎత్తెక్కించాడు. సందులోకి మాత్రం ఆయన వల్ల కాలేదు. బావ ట్రాక్టర్ ఎక్కి, దాని స్టీరింగ్ పట్టి, ఎప్పటిలాగే ఒక్క ఊపున వెనక్కి తీసుకెళ్లి పెట్టాడు. ట్రాక్టర్ డ్రైవర్ పక్కన నిలబడి ఎలా తిప్పుతున్నాడో శ్రద్ధగా చూశాడు.

రిసెప్షన్ జరిగింది, లైట్లు వెలిగాయి. మేనేజర్ గట్టిగా మాట్లాడలేదు. భుజం మీద చెయ్యి వేసి, "సూడన్నా, ఇయ్యాల అయితే అయిపాయె. రేపటి సంది ట్రాక్టరాయన్నే రమ్మన్న. ఏమనుకోకు" అన్నాడు. బావ తల ఊపాడు.

తర్వాతి ఆదివారం నేను వాళ్లింటికి వెళ్లాను. కొత్త క్లచ్ ప్లేటు వేయించుకుని బండి ఇంటి ముందు నిలబెట్టి ఉంది. బావ గడప మీద కూర్చున్నాడు. అక్క టీ తెచ్చి ఇద్దరికీ ఇచ్చి, అక్కడే తలుపుకు ఆనుకుని నిలబడింది.

"బామ్మర్దీ, ఒక్కటడుగుత, నిజం జెప్పు. గా పెద్ద ఇంజిన్‌ది ఉంటే ఎక్కునా?"

అడగడం నన్ను అడిగాడు గానీ, ఆ ప్రశ్నలో ముగ్గురం ఉన్నాం. ఎక్కేది అంటే ఆయన కాలు తప్పు లేదు, ఆయన డ్రైవింగ్ తప్పు లేదు, కానీ తప్పంతా తలుపు దగ్గర నిలబడ్డ మనిషి మీదికి పోతుంది. అదీ ఎక్కకపోయేది అంటే అక్క బయటపడుతుంది, కానీ ఆ పని ఎప్పటికీ తన వల్ల అయ్యేది కాదని ఈయన నమ్ముతాడు. సమాధానం నా దగ్గర కిలోలతో సహా ఉంది. మొదటి గేరులో, యాక్సిలరేటర్ సగం తొక్కితే చాలు. టీ గ్లాసు పట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఎక్కుతుండె" అంది అక్క. "గది నాకు గూడ తెలుసు. వాన్నెందుకు అడుగుతవు?"

బావ ఆమె వైపు చూశాడు. ఆమె తల దించుకోలేదు. "మల్ల గిట్లనే అయితే మల్ల గిట్లనే ఆగుమంట" అంది. "నీ కాలు ఇరిగిన కాడ ఎవలు లెక్క గడ్తరు?"

బావ టీ తాగేసి గ్లాసు ఆమె చేతికిచ్చాడు. లేచి వెళ్లి బండి వెనక డాలా తలుపు దించాడు.

"రేపు మల్లాపూర్ నుంచి ప్లైవుడ్ ఉంది. మేడిపల్లికి" అన్నాడు నాతో. "ఎంత ఎయ్యొచ్చు?"

పన్నెండు వందల కిలోల దాకా వెయ్యొచ్చని చెప్పాను. చదునైన దారి కాబట్టి ఇబ్బంది ఉండదన్నాను. మర్నాడు ఆయన సరిగ్గా అంతే వేసుకుని మా కాంటా మీదుగా పోయాడు. నేను చీటీ ఇచ్చాను. ఆయన దాన్ని చూడకుండానే జేబులో పెట్టుకుని గేరు వేశాడు.